తీగ మచ్చ

మచిలీపట్నం కోనేరు సెంటర్లో, మిఠాయి కొట్టు ముందు సత్యానందం ఫోన్ మోగింది.

"లడ్డూ చల్లారిందా?" అంది ఆడగొంతు.

"పాకం ముదిరింది."

కోడ్ సరిపోయింది. అవతల ప్రేమ. గిల్టు నగల ఎక్స్‌పోర్టర్, చూస్తే సినిమా హీరోయినే అనుకోవాలి. విదేశీ ముఠాలో ఉంటూ సత్యానందం పనిచేసే మన గూఢచారి ఏజెన్సీకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఈసారి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"సీప్లేన్ రెక్కకి నాలుగు నకిలీ బోల్టులు బిగించారండీ. వాటికి చిలకలపూడిలో పూత వేయించింది నేనే. దేనికో ఇప్పుడే తెలిసింది. లోపలి మనిషెవరో తెలీదు. పదింటికి ట్రయల్."

సత్యానందం వాచీ చూసుకున్నాడు. ఆ సీప్లేన్ నడిపేది అతని భార్య కృపాకుమారి. మొగుడు ఇన్సూరెన్స్ ఏజెంటని పన్నెండేళ్లుగా నమ్ముతున్న పిచ్చితల్లి.

అప్పటికే తొమ్మిది. కృప ఫోన్ స్విచాఫ్. ట్రయల్ రోజున పైలట్లు ఫోన్లు గేట్లోనే ఇచ్చేయాలి. సంగతి విని ఏజెన్సీ చీఫ్ విమానం కంపెనీతో మాట్లాడాడు. ఇన్‌స్పెక్షన్ షీటు క్లీన్‌గా ఉంది, రుజువు చూపించందే ఆపం అన్నారట.

బైకు చల్లపల్లి దాటి పులిగడ్డ వైపు దౌడు తీసింది. దారి పొడుగునా ప్రభువుని తలుచుకుంటూనే ఉన్నాడు. ఎన్నో మిషన్లు చేశాడు గానీ ఇంత భయం ఎన్నడూ ఎరగడు. అన్నాల దగ్గర కృప చెప్పే పాఠాలు ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. రెక్కకి కార్బన్ ఫైబర్ ఎందుకంటే అల్యూమినియం కంటే తేలిక, బలానికి ఉక్కుతో పోటీ. కానీ అల్యూమినియం దానికి తగిలి, మధ్యలో ఉప్పునీరు చేరిందా, అల్యూమినియం పుచ్చిపోతుంది. అందుకే టైటానియం బోల్టు. బరువు ఉక్కులో ఇంచుమించు సగం, కార్బన్‌తో పేచీ లేదు, ఉప్పుకి లొంగదు. హంసలదీవి దగ్గర సముద్రం మీద దిగాల్సిన విమానం అది. ఆ బోల్టు విరిగితే రెక్క ఊడుతుంది. రెక్క ఊడితే కృప ఉండదు.

తొమ్మిదీ యాభైకి కృష్ణ ఒడ్డున ఇన్సూరెన్స్ కార్డు చూపించి లోపలికి జొరబడ్డాడు. కాక్‌పిట్‌లో కృప. మెడలో, పదో పెళ్లిరోజున అతను పెట్టిన గొలుసు. రెక్క మొదలు దగ్గర బోల్టుల మీద ఆఖరి మూత బిగించబోతున్నాడు, కృపని అక్కా అని పిలిచే ఇన్‌స్పెక్షన్ ఇంజనీరు శ్యామ్ సుందర్.

"బావగారూ, మీరేంటిక్కడ?"

పాలసీకి ఒక్క ఫొటో కావాలంటూ సత్యానందం రెక్క కిందికి దూరాడు. వాచీలో దాచిన అయస్కాంతాన్ని బోల్టులకి తగిలించాడు. ఒక్కటీ అంటుకోలేదు. టైటానియమూ అంటుకోదు మరి. ప్రేమ అబద్ధమాడిందా?

ఓరి నీ తెలివి తెల్లారా అని తన్ను తానే తిట్టుకున్నాడు. చిలకలపూడిలో పుట్టి ఇనుము కోసం వెతుకుతావా? అక్కడ పూత పడేది ఇత్తడి మీదేగా! ఇత్తడికీ అయస్కాంతం అంటదు, రెక్క బరువుని మాత్రం మొయ్యలేదు.

అతని తల్లి దేవమ్మ బతుకంతా గిల్టు సరుక్కి తీగలు కట్టింది. తీగకి వేలాడదీసి పూత నీళ్లలో ముంచుతారు. తీగ తగిలినచోట పూత పట్టదు. అందుకే మంచి పనివాళ్లు మధ్యలో తీగని జరుపుతారు. తొందర పనయితే మర్చిపోతారు.

గోటితో బోల్టు తలల కింద తడిమాడు. ఒకటి నున్నగా ఉంది. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగో దాని దగ్గర గోరు ఆగింది. వెంట్రుకవాసి గాడి, తీగ మచ్చ.

పైన ఇంజన్ గురగురలాడింది.

తాళంచెవితో గీశాడు. పచ్చగా ఇత్తడి మెరిసింది. శ్యామ్ సుందర్ అతని చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. సత్యానందం వదిలించుకుని, రెండు చేతులతో రెక్కని వాటేసుకుని కృపా, కృపా అని గొంతు చించుకున్నాడు. ఇంజన్ ఆగింది. శ్యామ్ సుందర్ రేవు వైపు పరుగెత్తి, మోకాలిలోతు బురదలో సెక్యూరిటీకి దొరికిపోయాడు.

కృప దిగొచ్చి, పచ్చటి గీతనీ మొగుడి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. తీగ మచ్చ సంగతంతా విని, అతని చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చింది.

"ఇన్సూరెన్స్ వాళ్లకి ఇవన్నీ ఎలా తెలుసండీ?"

"రిస్కు చూడటమే కదా మా ఉద్యోగం."

కృప తలూపింది. కళ్లు తుడుచుకుని, మెడలో గొలుసు తీసి, కొక్కెం తిరగేసి, గోటితో మెల్లగా తడిమింది.

"ఏవండీ, బంగారానికి ఈ మచ్చ దేనిది?"

ఎన్ని ముఠాలు ఎన్ని రకాలుగా అడిగినా నోరు విప్పని సత్యానందం, అలవాటు కొద్దీ ఇప్పుడూ విప్పలేదు.