నా తలుపు ఏది మాస్టారూ?

“నా బాత్‌రూమ్ తలుపు ఏది?”

కింది వాకిట్లో నిలబడి సూదమ్మాయి పెట్టిన కేకకి వీధిలో వెళ్ళే సైకిలతను బ్రేకు వేశాడు.

రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది కాబట్టి అందరూ ఆమెని సూదమ్మాయి అంటారు. మాట కూడా అలాగే గుచ్చుకుంటుందని పై ఇంటి మాస్టారి అభిప్రాయం. అతను స్కూల్లో లెక్కలు చెబుతాడు. ఇల్లు వాళ్ళదే. పైన తల్లీ కొడుకూ ఉంటారు, కింద ఈమె అద్దెకుంటుంది.

మాస్టారు రెండేసి మెట్లు దూకుతూ దిగాడు. చొక్కా నిండా రంపపు పొట్టు.

“మీ మంచం కింద పెట్టానండీ, జాగ్రత్తగానే ఉంది. తలుపుంటే వీల్‌చైర్ పట్టదు. అందుకే తీసేసి కర్టెన్ కట్టాను.”

“రెండు వారాలు ఇల్లిస్తానన్నాను. ఊడబీకమన్నానా?”

సంగతేమిటంటే, మాస్టారి అక్కకి రెండేళ్ళ కిందట కారు ప్రమాదంలో వెన్నుకి దెబ్బ తగిలింది. అప్పటినుంచీ చక్రాల కుర్చీయే ఆమె కాళ్ళు. ఆ తర్వాత పుట్టింటికి రావడం ఇదే మొదలు. పై ఇంటికి మెట్లు తప్ప వేరే దారి లేదు. “కింది ఇల్లు రెండు వారాలు ఇస్తే, మీరు పైన అక్క పాత గదిలో ఉండొచ్చు” అని మాస్టారు నీళ్ళు నములుతూ అడిగాడు. సూదమ్మాయి సరేనంది. అడిగినవాడి మొహం చూసి కాదు, రాబోయే మనిషి కోసమే ఒప్పుకున్నానని తనకి తాను గట్టిగా చెప్పుకుంది కూడా.

ఇప్పుడు ల్యాబ్ నుంచి వచ్చి చూస్తే ఇల్లు ఇల్లులా లేదు. మంచం ఇటుకల మీదకెక్కింది. నీడలో పెంచుకున్న పూలకుండీలు ఎండలో మాడుతున్నాయి. వాటి చోట వాకిట్లో ప్లైవుడ్ ర్యాంపు వెలిసింది. గోడ మీది అద్దాన్ని ఎంత కిందికి దించాడంటే, అందులో ఆమెకి తన నడుమే కనబడింది.

“రేపు పొద్దున బొట్టు ఎక్కడ పెట్టుకోవాలి? నడుముకా?”

మాస్టారు నవ్వబోయి, ఆమె కళ్ళు చూసి మానుకున్నాడు.

“ఈ ర్యాంపు మీద కుర్చీ ఎక్కించి చూశారా?”

“అక్కర్లేదండీ. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు. లెక్క సరిపోయింది.”

“కుర్చీలో కూర్చునేది మీ లెక్కా, మీ అక్కా? రేపు ఆదివారమేగా! మీరే కూర్చుని చూపించండి.”

మర్నాడు అద్దెకి తెచ్చిన వీల్‌చైర్‌లో మాస్టారు కూర్చున్నాడు. మొదటి గుమ్మానికే మోచెయ్యి కొట్టుకున్నాడు. రెండో గుమ్మానికి రెండో మోచెయ్యి. ర్యాంపు మలుపులో ఒక చక్రం పక్కకి జారి, లెక్కల మాస్టారు ఉన్నపళంగా కుండీల మట్టిలో కూలబడ్డాడు.

సూదమ్మాయికి నవ్వు ఆగలేదు. కోపంగా ఉన్నప్పుడు నవ్వు రావడమంటే ఆమెకి అసలు పడదు. దాంతో కోపం రెట్టింపైంది.

అంతలో చినుకులు మొదలయ్యాయి. తడిసిన ప్లైవుడ్ సబ్బులా జారుతోంది. ఇద్దరూ వానలోనే పాత రబ్బరు పట్టాలు ముక్కలు కోసి ర్యాంపు మీద పరిచారు. అతను మేకులు కొడుతున్నాడు, ఆమె పట్టుకుంది. జుట్టు నుంచి నీళ్ళు కారుతుంటే అతను సుత్తి సంగతి మరిచి ఒక్క క్షణం ఆమెనే చూశాడు.

“నా వైపు చూస్తావేం? మేకు చూడు!” అని నోరు జారింది ఆమె.

“ఏమన్నారు?”

“చూడండి అన్నాను.”

సోమవారం అక్క దిగింది. చురుకైన మనిషి. డ్రైవరు చెయ్యి అందించబోతే వద్దని, తనే కుర్చీలోకి మారి ర్యాంపు దాకా వచ్చింది. అక్కడ బట్టల సంచితో నిలబడ్డ సూదమ్మాయి కనబడింది.

“ఎవరీ అమ్మాయి?”

“కింద అద్దెకుంటారక్కా...”

“కింద ఖాళీగా ఉందన్నావు కదరా?”

మాస్టారు నేల చూపులు చూశాడు. అక్క మొహం ఎర్రబడింది.

“నాకోసం ఇంకొకళ్ళ ఇల్లు ఖాళీ చేయించావా? పైగా నాతో అబద్ధం! అందుకేరా నేనెక్కడికీ రానిది. నేనొస్తున్నానంటే చాలు, ఎవరో ఒకరు లేవాలి, జరగాలి, మొయ్యాలి. ఏం కావాలని నన్నొక్క మాట అడిగావా? డ్రైవరూ, బండి తిప్పు!”

“ఆగండి!”

ఆ అరుపు సూదమ్మాయిది.

“కోపం మీకొక్కరికేనా ఉంది? నన్నెవరూ ఖాళీ చేయించలేదు. నా ఇల్లు, నేనే ఇచ్చాను. నా కుండీలు మాడిపోయినా ఇచ్చాను. ఈయన అబద్ధం చెప్పడం తప్పే. ఆ సంగతి నేను చూసుకుంటాను, మీకా శ్రమ వద్దు. కానీ నిన్నంతా కుర్చీలో కూర్చుని మీకు ఎక్కడ తగులుతుందోనని ఇల్లంతా తిరిగాడు. చూడండి!”

మాస్టారి చెయ్యి గుంజి చొక్కా చేతిని పైకి మడిచింది. మోచెయ్యి దోక్కుపోయి ఉంది. మెట్ల మీద నిలబడ్డ వాళ్ళమ్మ చూపు మాత్రం మోచేతి మీద లేదు, ఆ చేతిని పట్టుకున్న చేతి మీద ఉంది.

సూదమ్మాయి గబుక్కున వదిలేసింది.

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“మొత్తానికి మా తమ్ముడి మీద అరిచే హక్కు ఇంకొకరికి వచ్చిందన్నమాట” అంది. “సరే, ఉంటాను. కానీ ఈ అమ్మాయి తన ఇంట్లోనే ఉండాలి. ఒరేయ్, నువ్వు పైకి ఫో!”

ఆ రెండు వారాలూ ఇద్దరాడవాళ్ళూ కిందే ఉన్నారు. “మంచం మరీ ఎత్తయింది, ఇటుకలు తియ్యి.” “ఆ కుర్చీ అక్కడెందుకు, నాకు మలుపు తిరగడం లేదు.” అక్క ఒక్కోటీ చెబుతుంటే మాస్టారు స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చిపోతూనే ఉన్నాడు. అవసరం లేనప్పుడు కూడా వచ్చాడు. వచ్చినప్పుడల్లా సూదమ్మాయి ఏదో ఒక వంకతో ఒంటికాలి మీద లేచింది. అతను రాని పూట మాత్రం ఆమె మరీ చిరాగ్గా ఉండటం అక్క కనిపెట్టింది.

అక్క బయల్దేరే రోజు వాకిట్లో సామాను సర్దుతున్నారు. లోపల చప్పుడైతే సూదమ్మాయి వెళ్ళి చూసింది. మాస్టారు తలుపు తెచ్చి బాత్‌రూమ్‌కి బిగించబోతున్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. “అక్క ఇంకా కారెక్కలేదు! అప్పుడే తన గుర్తులు చెరిపేస్తున్నావా? ఏం మనిషివి నువ్వు?”

“రెండు వారాలన్నాను కదండీ. మీరు మళ్ళీ ఇబ్బంది పడకూడదనే...”

“నాకు ఇబ్బందని నేను చెప్పానా? మళ్ళీ రమ్మని అక్కని నేనే పిలిచాను. అప్పటిదాకా ర్యాంపూ ఉంటుంది, కర్టెనూ ఉంటుంది. మొన్న అక్కని అడగలేదు, ఇవాళ నన్ను అడగలేదు. అన్నీ నీలో నువ్వే అనేసుకుంటావు. నోరు తెరిచి అడగడం రాదా నీకు?”

తలుపు నిలువుగా పట్టుకుని అతను దాని వెనకే ఉన్నాడు. చెక్క అంచు మీద అతని వేళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

“అయితే ఒకటి అడగనా?”

“తలుపు గురించేనా?”

“కాదు. నన్ను పెళ్ళి చేసుకుంటావా?”

అయినా సూదమ్మాయి గొంతు తగ్గలేదు.

“అది అవతల పెట్టి, మొహం చూసి అడుగు!”

అతను తలుపు గోడకి ఆనించి, చెమట తుడుచుకుని, ఆమె మొహం చూస్తూ అడిగాడు. పక్షం రోజులుగా సిద్ధంగా ఉంచుకున్న తిట్లలో ఒక్కటీ ఆమెకి గుర్తు రాలేదు.

“కారు హారన్ కొడుతోందమ్మా!” అని, అంతా వింటున్న అక్క బయటి నుంచి కేకేసింది. “ఒప్పుకున్నావో లేదో చెబితే నేను ఎక్కుతాను!”

“ఈ ఇంట్లో ఒక్కరికైనా ఆగడం తెలుసా? ఒప్పుకున్నాను, చాలా?” అని సూదమ్మాయి వాకిలి వైపు అరిచింది.

తర్వాత ఎదురుగా ఉన్న మనిషి వైపు తిరిగి, అదే మాట అతనికి మాత్రమే వినబడేలా ఇంకోసారి చెప్పింది.