మరపురాకాసిని నిప్పడిగిన గవిరి

పిల్లలూ, పక్కన ఎవరైనా ఉంటే చెయ్యి పట్టుకుని మరీ వినండి. ఇది భయం లేనివాళ్ల కథ కాదు, భయపడుతూనే నడిచిన ఒక పిల్ల కథ.

తుంగవాడ రాజ్యం మీదికి ఒక ఏడు బూడిదరంగు మంచు దిగింది. పేరుకి మంచేగానీ అందులో మంచి ఏ కోశానా లేదు. అది తాకినవాళ్లు తమ ఇల్లు మరిచిపోయేవారు. ఊరి కంసాలి తన వాకిట్లోనే నిలబడి, "ఈ ఇంట్లో ఎవరుంటారండీ?" అని సొంత పెళ్లాన్ని అడిగాడు. ఆమె గొల్లుమంది. ఆయన అడవిలోకి నడిచి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు అలాగే వెళ్లిపోయారు. ధీరసింహ మహారాజుగారు ధైర్యమంతా పేరులోనే వాడేశారు, ఒంట్లోకి ఏమీ మిగల్లేదు. అందుకని కొలువు సింహాసనం మీద నుంచి మంచం కిందికి మార్చారు.

ఊరి చివర సూరప్పడనే పొయ్యిలు వేసేవాడు, కూతురు గవిరితో ఉండేవాడు. వాళ్లది మొదట కొండమీది ఊరు. అక్కణ్ణుంచి కరువు తరిమితే సముద్రపొడ్డుకు చేరారు. అక్కణ్ణుంచి ఉప్పెన తరిమితే తుంగవాడ వచ్చారు. ఒకనాటి ఉదయం పొయ్యి అలుకుతున్న సూరప్పడి చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఎవలమ్మా నువ్వు?" అన్నాడు కూతురితో.

"నాన్నా! నేను గవిరిని. అలా సూత్తావేటి?"

"ఓహో" అని, చేతి మన్ను దులుపుకుని లేచి నడిచాడు.

గవిరి అతని పంచె పట్టుకుని వేలాడింది. అతను ఆమెను పొలిమేర దాకా ఈడ్చుకుపోయాడు. అక్కడ మంచు ఆమె పాదాలకు చల్లగా తగిలింది. అంతే, తమ వీధి పేరు ఆమెకు గుర్తు రాలేదు! ఒళ్లు జలదరించి పంచె వదిలేసింది. తండ్రి మంచులో కలిసిపోయాడు.

అడవి మొదట్లో ఒక వాగు, వాగు ఒడ్డున ఒక ముని. ఆ వాగుకన్నా ఆయనే ఎక్కువ వాగేవాడని ఊళ్లో పేరు. అలాంటి మనిషి ఆ రోజు గొంతు బాగా తగ్గించాడు.

"అది మరపురాకాసి పని తల్లీ. అడవి నడుమ దాని కోట ఉంది, అక్కడికి చేరినవాళ్లు పాదాల దగ్గర్నుంచి రాయిగా మారతారు. రాయి గొంతు దాటితే ఇక ఆశ లేదు. మీ నాన్న ఏయే పొయ్యిల దగ్గర తిని బతికాడో ఆ పొయ్యిలన్నిటి మన్నూ తెచ్చి, వాడి ఎదుట కొత్త పొయ్యి వెయ్యి. దాని మీద వండిన తొలిముద్ద వాడు తింటే ఇల్లు గుర్తొస్తుంది."

"మీరూ రారా తాతా?"

"నాకు భయం. నీకు లేదా?"

"కాళ్లు వణుకుతన్నాయి."

"వణికే కాళ్లయినా నడుస్తాయి. పో, పోయి రా."

గవిరి తమ ఇంటి పొయ్యి మన్ను, ఇంత చోడిపిండి, అంటే రాగిపిండి, ఒక కుండ, చిప్ప, చెకుముకి రాయి మూటగట్టి కొండెక్కింది. తాము వదిలి వచ్చిన ఇంటికి కప్పు లేదు. గోడలు మోకాలెత్తున ఉన్నాయి. పొయ్యి ఉండాల్సిన చోట పెద్దపులి పడుకుని ఉంది. పులి మాటెత్తితే మనకు పులిహోర గుర్తుకొస్తుందేమో, గవిరికి మాత్రం నోట్లో తడి ఆరిపోయింది.

"ఎవరిదీ ఇల్లు?" అంది పులి, కళ్లు తెరవకుండానే.

"మాదే. అంటే... ఒకప్పుడు మాది."

"నువ్వు పుట్టింది ఇక్కడే. వాసన చెబుతోంది. నీ దేశం ఇదే, ఉండిపో. తిననులే."

ఆ మాటకు గవిరి గుండె నిజంగానే లాగింది. అమ్మ తనను ఎత్తుకుని తిరిగిన వాకిలి కదా. "ఉండాలనే ఉంది పులిమామా. మా నాన్న రాయైపోతన్నాడు. గుప్పెడు మన్నియ్యి" అని ఏడ్చింది.

పులి ఆవులించి పక్కకు దొర్లింది. దాని మీసం చేతికి రాసుకుంటుండగా గవిరి మన్ను తవ్వుకుంది.

సముద్రపొడ్డున అంతకన్నా భయమేసింది. పాత గుడిసె దగ్గర అల లేచి ఆడమనిషయింది. ఆమె జుట్టంతా నాచు. "నడక నేర్చింది నా ఇసుకలో. నా బిడ్డవి నువ్వు" అంటూ గవిరి నడుము చుట్టి నీళ్లలోకి లాగింది.

"బిడ్డనైతే ముంచుతావేటమ్మా?" అని గవిరి ఉక్కిరిబిక్కిరవుతూ అరిచింది.

అల సిగ్గుపడి వెనక్కి తగ్గింది. గవిరి గుడిసెలోని పాత పొయ్యి నుంచి తడిమన్ను దోసిట్లోకి తీసుకుంది.

మరపురాకాసి కోటలో పట్టపగలు కూడా వెలుగు లేదు. నిలబడిన రాళ్లన్నిటికీ ముఖాలున్నాయి. కంసాలి ఉన్నాడు, కళ్లు మాత్రమే కదులుతున్నాయి. సూరప్పడు ఛాతీ దాకా రాయైపోయాడు. రాళ్ల వెనకనుంచి తాడిచెట్టంత రాకాసి వంగి చూసింది.

"ఓసీ, ఏ దేశపుదానివే నువ్వు? కొండ అంటావా, నీకు కూడు పెట్టలేదు. సముద్రం అంటావా, నిన్ను తరిమింది. తుంగవాడ అంటావా, అక్కడ నిన్ను వలసపిల్ల అన్నారు. చెప్పు!"

మంచు గవిరి మోకాళ్లకెక్కింది. పేరు నాలుక చివరి నుంచి జారిపోతోంది. "నాకు తెల్దు" అంది. "ఆకలేత్తంది. మా నాన్నకీ ఆకలేత్తంటాది."

తలెత్తకుండా, మూడు చోట్ల మన్నూ కలిపి పిసికి పొయ్యి వేసింది. చెకుముకి రాయి కొట్టింది. రవ్వ పడింది, చచ్చింది. మళ్లీ కొట్టింది, మళ్లీ చచ్చింది. రాయి సూరప్పడి భుజాలకెక్కింది. అప్పుడు గవిరికి తన తప్పు తెలిసింది. కొత్త పొయ్యికి తమవాళ్లెవరూ సొంతంగా నిప్పు రాజేయరు. పొరుగింటికి వెళ్లి అడిగి తెచ్చుకుంటారు. ఇచ్చినవాళ్లకు తొలిముద్ద పంపుతారు. కొండమీద అలాగే చేశారు, ఒడ్డునా అలాగే చేశారు. తుంగవాడలో కంసాలి పెళ్లాం "ఇందా వలసపిల్లా" అంటూనే నిప్పు పెట్టింది. ఆ పూటనుంచే అది వాళ్ల ఊరయింది.

ఇక్కడ పొరుగు ఎవరు?

గవిరి రాకాసి ముందుకు నడిచి, చిప్ప చాపింది. "ఓ పొరుగమ్మా! కూసింత నిప్పెట్టమ్మా, పొయ్యి ముట్టించుకోవాల."

రాకాసి ఆ చిప్ప వంక చూసింది. "నన్నా? నన్నెవరూ ఏదీ అడగరు. పొలిమేర కాయమని నన్ను పెట్టిన ఊరివాళ్లే నాకు చెప్పకుండా లేచి వెళ్లిపోయారు. నాకు లేని ఇల్లు ఎవరికీ గుర్తుండకూడదనుకున్నాను." వంగి, చిప్పలోకి మెల్లగా ఊదింది. ఒక ఎర్రని నిప్పుకణిక పడింది.

పొయ్యి అంటుకుంది. చోడిపిండి ఉడికింది. రాయి తండ్రి మెడకెక్కింది. తొలిముద్ద నాన్నకే అన్నాడు ముని. నిప్పిచ్చినవాళ్లకు అంటుంది ఆచారం. గవిరికి ఏడుపు ముంచుకొచ్చింది. నాన్న తనకు నేర్పిన పద్ధతిని నాన్న ఎదుటే ఎలా తప్పుతుంది? కళ్లు గట్టిగా మూసుకుని, ముద్దను రాకాసి చేతిలో పెట్టింది.

రాకాసి నమిలింది. మింగింది. ఏడ్చింది. ఆ కన్నీళ్లు వేడిగా పడ్డచోటల్లా మంచు విడిపోయింది, రాయి మెత్తబడింది. గవిరి కళ్లు తెరవకముందే వెనకనుంచి కేక వినిపించింది.

"గవిరీ! కూడు మాడిపోతంది, సూడవేటే?"

అందరూ తుంగవాడ తిరిగి వచ్చేసరికి రాకాసిని చూసి ఊరంతా తలుపులు మూసింది. రాకాసి పొలిమేరలోనే ఆగిపోయింది.

"భయమేత్తందా?" అంది గవిరి.

"వెళ్లిపొమ్మంటారేమోనని."

"మేమొచ్చిన రోజు నాకూ అలాగే ఏసింది. సెయ్యియ్యి."

ఇద్దరూ చెయ్యి పట్టుకుని తన కోట దాకా వచ్చేసరికి మహారాజుగారు మంచం కిందనుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కిరీటం వంకరగా ఉంది. "అమ్మాయీ, నీకు అర్ధరాజ్యం ఇస్తున్నాను. కానీ... ఎవరీమె?"

"మా పొరుగమ్మ."

రాజుగారు తాడిచెట్టంత రాకాసిని పైనుంచి కింది దాకా చూశారు. చివరికి, జీవితంలో మొదటిసారి, తన పేరుకు తగ్గ పని ఒకటి చేశారు.

"అలాగైతే మాకూ పొరుగే కదా" అని, వణుకుతూనే తలుపు బార్లా తెరిచారు.

పొలిమేర వైపున్న సగం రాజ్యాన్ని గవిరి ఏలింది. ఎక్కడెక్కడినుంచో తరిమితే వచ్చినవాళ్లందరికీ అక్కడ చోటు దొరికింది. వాళ్లంతా చల్లగా ఉన్నారు, మనమూ అలాగే ఉందాం.