మందుగుంట దగ్గర ఏడుపు

కారాబులున్ ఊళ్లో చీకటి పడ్డాక ఉన్నికొట్టం వైపు ఎవరూ పోరు. సోవియట్ల కాలంలో గొర్రెలకు ఉన్ని కత్తిరించిన కొట్టం అది. పైకప్పు సగం కూలిపోయింది. వెనకాల గొర్రెల్ని మందునీళ్లలో ముంచే సిమెంటు గుంట, దాని మీద కుళ్లిన చెక్కలు. పోయిన వసంతం నుంచి రాత్రుళ్లు అక్కడ ఏడుపు వినిపిస్తోందని చెప్పుకునేవాళ్లు. ఆడపిల్ల ఏడుపే అనేవాళ్లు కొందరు. గుర్రాలు కూడా అక్కడికొచ్చేసరికి మొరాయించేవట.

ఆ ఆడపిల్ల ఎవరో పేరెత్తి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కెంజెకాన్ కూతురు అయిజమాల్. పదహారేళ్లది. మంచు కరిగే రోజుల్లో ఓ సాయంత్రం ఇంట్లోంచి వెళ్లి మళ్లీ రాలేదు.

నేరం సగిన్‌బాయ్ నెత్తిన పడింది. గుర్రాలకు లాడాలు కొట్టుకుని బతికేవాడు. ఊరు మొత్తంలో ఏసును నమ్ముకున్న ఇల్లు అతనిదొక్కటే. ఆఖరిసారి ఆ పిల్లని వాడి కొలిమి దగ్గరే చూశానని పిల్ల మేనమామ జుమాదిల్ సాక్ష్యం చెప్పాడు. అంతే.

"తాతల దారి వదిలినవాడు దేనికైనా తెగిస్తాడు" అంది ఊరు.

పోలీసులు ఇరవై రోజులు ఉంచుకుని, ఏమీ దొరక్క వదిలేశారు. తిరిగొచ్చేసరికి నోట్లో రెండు పళ్లు లేవు. ఇంటికి పోయే దారిలోనే కెంజెకాన్ ఎదురొచ్చి మొహాన ఉమ్మింది.

"నా బిడ్డని ఎక్కడ పెట్టావో చెప్పరా... ఎముకలైనా ఇయ్యి, మట్టి చేసుకుంటా."

పళ్లూడిన నొప్పికన్నా ఆ మాట ఎక్కువ తొలిచింది అతన్ని. రోజూ పడుకోబోయే ముందు మోకాళ్లూని ఒకటే అడిగేవాడు.

"ప్రభువా, నువ్వు చూశావు. చూసినవాడివి, నోరు విప్పవేం?"

ఏడు నెలలు... జవాబు లేదు.

సొంత ఊళ్లో ఎవరూ పని ఇవ్వక, పక్క ఊళ్లకు పోయి లాడాలు కొట్టొచ్చేవాడు. తొలి మంచు పడ్డ రోజు కూడా అలాగే వెళ్లాడు. పని తెమిలేసరికి చీకటి పడింది. వాగు మీది వంతెన జారుడుగా ఉందని, గత్యంతరం లేక ఉన్నికొట్టం దారి పట్టాడు.

కొట్టం దగ్గరికి వచ్చాడో లేదో — ఏడుపు.

ఆగాడు. గాలేమో అనుకున్నాడు. గాలి లేదు. మంచు నిలువుగా, చప్పుడు లేకుండా పడుతోంది.

మళ్లీ... సన్నగా, నోరు నొక్కుకుని ఏడుస్తున్నట్టు. ఆ ఏడుపులోంచి ఓ మాట —

"సగిన్‌బాయ్..."

 పారిపోదామనుకున్నాడు. అంతలోనే అంతకన్నా పెద్ద భయం గుండెలో దిగింది. చచ్చిపోయిన పిల్ల కూడా నా పేరే చెబుతోందా?

"ప్రభువా," అని గొణిగాడు. "ఇదేనా నీ జవాబు?"

సంచిలోంచి సుత్తి తీశాడు. "నేనే చంపానని చెప్పదలిస్తే... నా మొహం మీదే చెప్పమ్మా" అంటూ కొట్టం వెనక్కి నడిచాడు.

గుంట అంచున ఓ నల్లటి ఆకారం. వంగి, చెక్కల మీద నుదురు ఆనించి... మెల్లగా తలెత్తింది.

జుమాదిల్!

"నువ్వా..." అన్నాడు జుమాదిల్. "నిన్ను తీసుకొచ్చేసిందా?"

"ఎవరు?"

జుమాదిల్ గుంట వైపు వేలు చూపించాడు.

"నా లారీ కింద పడిందన్నా. తాగున్నాను. మసక చీకటి... కుక్క అనుకున్నా. దిగి చూస్తే మా అక్క కూతురు. ఇందులో దాచేశా. ఆ రోజు నుంచీ రాత్రయితే వచ్చి కిటికీ దగ్గర నిలబడుతుంది. 'సగిన్‌బాయ్‌ని పిలువు మావయ్యా' అంటుంది. అదొక్కటే మాట! ఆపమని బతిమాలుకోడానికి ఇక్కడికొస్తున్నా..."

సగిన్‌బాయ్ చేతిలో సుత్తి లేచింది. ఎంతసేపు అలా లేచే ఉందో అతనికే తెలీదు. ఒక్క దెబ్బ చాలు. చూసేవాళ్లెవరూ లేరు. ఒక్కడు తప్ప. ఏడు నెలలుగా తను నిలదీస్తున్నది ఆ ఒక్కణ్ణే.

సుత్తి మంచులో పడిపోయింది.

"లే," అన్నాడు. "మీ అక్కకి నువ్వే చెప్పాలి."

"చంపేస్తుంది..."

"చంపనీ. లే."

జుమాదిల్ ముందు, అతను వెనక.  ఊళ్లో అడుగు పెడితే చెవులు చిల్లులు పడేటంత గోల చేసే కుక్కలు ఒక్కటీ మొరగలేదు. తోకలు ముడిచి గోడల పక్కన నక్కాయి.

తెల్లారి గుంటలోంచి పిల్లని తీయడం, పోలీసులు జుమాదిల్‌ని పట్టుకెళ్లడం, సగిన్‌బాయ్ ఎదురుపడితే ఊరు తల దించుకోవడం — ఇవన్నీ అందరూ చూసినవే. ఆ రాత్రి గుమ్మం దగ్గర జరిగింది మాత్రం అతను చాలా ఏళ్ల తర్వాత, అదీ ఒక్కసారే చెప్పాడు.

తలుపు కొట్టాడు. కెంజెకాన్ దీపం పట్టుకుని తీసింది. జుమాదిల్ మోకాళ్ల మీద కూలబడి "అక్కా, నేనే..." అంటున్నాడు. ఆమెకు వినపడలేదు. తమ్ముణ్ణి చూడలేదు, సగిన్‌బాయ్‌నీ చూడలేదు. వాళ్లిద్దరి భుజాల మీంచి వెనక్కి, మంచులోకి చూసింది.  పక్కకి జరిగి, తలుపు బార్లా తెరిచి —

"అక్కడే నిలబడ్డావేం తల్లీ?" అంది. "చలి... లోపలికి రా."