నాలుగింటికి రావాల్సిన భూకంపం

“సరిగ్గా మూడు గంటలకి భూమి కదుల్తుంది. చూస్కోండి,” అంది సువర్ణ.

మధ్యాహ్నం అన్నాలయిపోయేయి. అయిదో తరగతి పిల్లలు బడి అరుగు మీద చేరి చేతులు తుడుచుకుంటున్నారు. ఒకళ్ళు సొంత లాగుకి, ఒకళ్ళు పక్కవాడి చొక్కాకి.

“నీకెవరు చెప్పేరేంటి? భూదేవి కార్డుముక్క రాసిందా?” అన్నాడు బాబ్జీ. సూర్యుడు తూర్పున పొడిచేడన్నా లేచెళ్ళి చూసొచ్చే రకం వాడు.

“చీమలు చెప్పేయి. గుడ్లు నోట కరుచుకుని బయటికొచ్చేస్తన్నాయి. భూకంపం ముందు జంతువులకి తెలుస్తుందని కొందరంటారు అని ఏలీయా మాస్టారు చెప్పలేదూ?”

మాస్టారు చెప్పిన మాట నిజమే. “అంటారు గానీ దానికి రుజువు లేదర్రా” అని కూడా చెప్పేరు. ఆ రెండో ముక్క సువర్ణ చెవిలో పడింది గానీ అక్కడ కాపరం ఉండలేదు.

మూడయింది. లెక్కల పీరియడు. బాబ్జీ వెనక్కి తిరిగి నవ్వబోయేడు. ఆ నవ్వు సగంలో ఉండగా ఎక్కడో దూరంగా ధబ్‌మని మోత వినపడింది. కాళ్ళ కింద నేల అదిరింది. కిటికీ రెక్కలు టకటకలాడేయి. మంచినీళ్ళ కుండ మీది గ్లాసు దొర్లి కింద పడింది.

బాబ్జీ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఈగ ఒకటి అందులో దూరి, గది గదీ చూసుకుని, అద్దె కుదరక వెళ్ళిపోయిందని తర్వాత అందరూ చెప్పుకున్నారు. ఈగని నేను అడగలేదు గానీ, నోరు మాత్రం నిజం.

ఇంతకీ చీమలకి ఏ పాపమూ తెలీదు.

సువర్ణ మేనమామ సాలమోను పెట్రోలు నూనె వెతికే సర్వే గ్యాంగులో పని చేస్తున్నాడు. ఎనభై మూడో సంవత్సరం అది. తాటిపాక చుట్టుపక్కల నేల కింద ఏముందో వెతుకుతున్న రోజులు. గ్యాంగువాళ్ళు నేలలో సన్నటి బోరు దింపి, అడుగున మందు పెట్టి పేలుస్తారు. ఆ అదురు లోపలికి పోయి రాతిపొరలకి తగిలి వెనక్కొస్తుంది. పైన పరిచిన వైర్లు దాన్ని అందుకుంటాయి. దాన్నిబట్టి కింద నూనె ఉందో లేదో ఆరా తీస్తారు. ఊళ్ళోవాళ్ళు ఆ వైర్లు చూసి, కొత్త రోడ్డు కొలుస్తున్నారని సంబరపడ్డారు.

ఆదివారం చర్చి నించి వచ్చేక సాలమోను మేనకోడలితో చెప్పేడు. “కాలవ అవతల తోటలో సోమారం మూడింటికి ఒకటి పేలుస్తాం. బుధారం నాలుగింటికి ఇంకోటి. ఎవరికీ చెప్పకే. జనం మూగితే ప్రమాదం.”

సువర్ణ ఎవరికీ చెప్పలేదు. మావయ్య చెప్పొద్దన్న మందు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చీమల గురించే చెప్పింది.

సాయంత్రానికి కబురు ఊరంతా తిరిగింది. బడి గేటు దాటేసరికి పడిపోయిన గ్లాసు కాస్తా బిందె అయింది. పంపు దగ్గర బిందె గేదె అయింది. రాజోలు రోడ్డు మీద టీ కొట్టుకి చేరేసరికి, మా ఊళ్ళో నుయ్యి ఒకటి లేచెళ్ళి పక్కింటి దొడ్లో కూర్చుందట. ఇద్దరు పెద్దమనుషులు సైకిళ్ళేసుకుని చూడ్డానికి వచ్చేరు. నుయ్యి ఉన్నచోటే ఉండడం చూసి చాలా బాధపడి వెళ్ళిపోయేరు.

సువర్ణకి మాత్రం ఒక్కపూటలో వయసొచ్చేసింది. పంపు దగ్గర ఆడవాళ్ళు దారిచ్చేరు. “ముందు నువ్వు పట్టుకో తల్లీ” అన్నారు. బాబ్జీ తన బెల్లం జీడి ముక్కలో సగం కొరికి ఇచ్చేడు. అది ఎంగిలని కూడా సువర్ణకి తోచలేదు.

“నిజంగా చీమలేనటే?” అని అడిగింది తల్లి కృపావతి.

“ఊఁ,” అంది సువర్ణ, కంచంలోకి చూస్తూ.

మర్నాడు ఏలీయా మాస్టారు క్లాసులోకి ఒక కొబ్బరాకు రెమ్మ పట్టుకొచ్చేరు. ఈనెలు చీల్చి తలా ఒకటి ఇచ్చేరు.

“భూమి పైపెంకు పెద్ద పెద్ద రాతి పలకలర్రా. మన గోరు పెరిగినంత నెమ్మదిగా కదుల్తాయి. ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒత్తిడి పెరిగి పెరిగి, ఎక్కడో రాయి తట్టుకోలేక తెగి జారుతుంది. అప్పుడు పైన మనం అదురుతాం. ఏదీ, ఈనె పట్టుకుని మెల్లిగా వంచండి. ఎన్ని అంకెలు లెక్కపెట్టేలోగా విరుగుతుందో ముందే చెప్పండి.”

బాబ్జీ పది అన్నాడు. నాలుగుకే విరిగింది. రామలక్ష్మి అయిదు అంది. ఇరవై దాటినా విరగలేదు.

మాస్టారు సువర్ణ బల్ల దగ్గర ఆగేరు. “నువ్వు చెప్పమ్మా. భూమి సంగతే తెలిసినదానివి, పుల్ల ఒక లెక్కా?”

“పన్నెండండి.”

ఆరుకే టప్పున విరిగింది. పిల్లలు నవ్వేరు. మాస్టారు నవ్వలేదు.

“విరుగుతుందని తెలుసు. ఎప్పుడో తెలీదు. ఎంతో చదువుకున్న శాస్త్రజ్ఞులకే ఫలానా రోజు, ఫలానా గంట అని చెప్పడం చేతకాలేదు. మరి నిన్న నీకెలా తెలిసిందమ్మా?”

సువర్ణ గొంతులో మాట తయారుగానే ఉంది. ఇంతలో ఇంటి బెల్లు కొట్టేరు. బెల్లు కొట్టినవాడికి మనసులోనే దణ్ణం పెట్టి పరుగెత్తింది.

ఇంటి దగ్గర కనకమ్మ మామ్మ కూర్చునుంది. కాలవ గట్టు దిగగానే మొదటి ఇల్లు ఆవిడదే. మట్టిగోడలు, తాటాకు కప్పు. లోపల కోడలు రాజ్యలక్ష్మి, పదకొండు రోజుల పసిబిడ్డ.

“అమ్మా సువర్ణా, మళ్ళీ ఎప్పుడొస్తుందే?” అంది మామ్మ. “నిన్న గోడ నించి ఇంత పెళ్ళ రాలి ఉయ్యాల పక్కనే పడింది. నాకు నిద్ర లేదు. చీమల్ని అడిగి చెప్పమ్మా.”

ఇంటి ముందు నలుగురు చేరేరు. అందరూ సువర్ణ నోటికేసే చూస్తున్నారు. అబద్ధమని చెప్పడానికి అది చాలా మంచి సమయం. కానీ నలుగురు చూస్తున్నప్పుడు నోరు మనది కాదు.

“రేపు సాయంత్రం నాలుగింటికండి.”

“చిన్నదా, పెద్దదా?”

“పెద్దదేనండి,” అనేసింది. ఆ మాట ఎక్కణ్ణించొచ్చిందో సువర్ణకే తెలీదు.

మామ్మ మొహం పాలిపోయింది. లేచి వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున సువర్ణ చద్దన్నం ముట్టలేదు. ‘ఏముందీ, నాలుగింటికి మావయ్యవాళ్ళు పేలుస్తారు, ధబ్‌మంటుంది, అందరూ ఇళ్ళల్లోకి వెళ్ళిపోతారు’ అని వందసార్లు అనుకుంది. వందోసారి కూడా నమ్మకం కుదరలేదు.

ఆ మధ్యాహ్నం ఏలీయా మాస్టారు మీటింగుకని రాజోలు వెళ్ళేరు. మూడింటికే తల్లులొచ్చి పిల్లల్ని బడి నించి లాక్కుపోయేరు. వీధి వీధంతా సామాన్లు బయట పెట్టేసింది. ఇంట్లో ఉంటే కప్పు కూలుతుంది. సరే, బయటికొస్తే? కోనసీమలో బయటంటే కొబ్బరితోటే కదా! భూమి కదిలితే నెత్తిన గెలలు పడవూ? ఆకాశం తప్ప ఏమీ లేని చోటు ఊళ్ళో ఒక్కటే, కాలవ గట్టు. అందరూ అక్కడికెక్కేరు.

మబ్బు నల్లగా దిగుతోంది.

గట్టు మీద సాలమోను ఎదురొచ్చేడు, భుజాన గుడ్డసంచీతో.

“ఏంటే, జాతరలా ఉందీ?” అన్నాడు సువర్ణతో.

సువర్ణ చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. “మావయ్యా, నాలుగింటికి పేలుస్తారు కదా?”

“ఎక్కడే! బోరు బురదతో పూడిపోయింది. గ్యాంగుని ఇంకో ఊరు పంపించేసేరు. బట్టలకోసం వచ్చేను, ఇప్పుడే బస్సందుకోవాలి.” అని గబగబా వెళ్ళిపోయేడు.

సువర్ణ కాళ్ళ కింద భూమి కదిలినట్టయింది. నిజానికి అదేమీ కదల్లేదు.

నాలుగయింది. ఏమీ రాలేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

“పెద్దది కదా, ఆలస్యంగా వస్తుంది,” అన్నారు త్రిమూర్తులుగారు. ఊళ్ళో ఏ పెళ్ళికయినా అందరికంటే ఆలస్యంగా వెళ్ళే పెద్దమనిషి. అందరూ తలూపేరు. ఒక్కరూ దిగలేదు.

వాన మొదలయింది. ముందు చినుకులు, తర్వాత కడవలు. గట్టు మీద నిలవనీడ లేదు. రాజ్యలక్ష్మి తాటాకు గొడుగు కింద ముడుచుకుని, బిడ్డని కొంగులో చుట్టి కూర్చుంది. ఈదురుగాలికి గొడుగు ఎటు తిప్పినా జల్లు లోపలికే కొడుతోంది. బిడ్డ తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. ఏడుపు పిల్లికూనలా సన్నబడిపోయింది.

“పెదాలు నల్లబడ్తున్నాయి అత్తయ్యా,” అంది రాజ్యలక్ష్మి. “లోపలికెళ్ళిపోదామండి.”

“గోడ బిడ్డ మీద పడితే?” అని కనకమ్మ మామ్మ కోడలి భుజం పట్టుకుని కూచోబెట్టింది. 

సువర్ణ ఆ గొడుగు దగ్గరికెళ్ళింది.

“మామ్మగారూ, చీమలు నాకేం చెప్పలేదండి. అబద్ధం ఆడేను. సోమారం వచ్చింది భూకంపం కాదండి. సర్వేవాళ్ళు కాలవ అవతల మందు పేల్చేరు. మా మావయ్య ముందే చెప్పేడు. ఇవాళ పేల్చడం లేదంట.”

కృపావతి కూతురికేసి చూసిన చూపు సువర్ణకి వీపు మీద తెలిసింది.

“హమ్మ!” అన్నారు త్రిమూర్తులుగారు.

మామ్మ తిట్టలేదు. ఇంకా భయపడిపోతూ అడిగింది. “అయితే అలా పేల్చి పేల్చి లోపల కదిపేసేరేమో! ఇప్పుడు అసలుది వస్తే?”

అప్పుడే ఏలీయా మాస్టారు తడిసిన సైకిలు నడిపించుకుంటూ వచ్చేరు. జరిగింది విన్నారు.

“కనకమ్మగారూ, దోమ వాలినంతమాత్రాన ఏనుగు పడదండి. ఆ మందుకి భూకంపం రాదు. పసిబిడ్డని లోపలికి తీసుకెళ్ళండి.”

“అసలు ఎప్పటికీ రాదని రాసిస్తారా?”

“అది ఎవరూ రాసివ్వలేరండి.”

“చూసేరా! మాస్టారికే తెలీదు,” అని మామ్మ ఇంకా గట్టిగా కూచుంది.

బాబ్జీ సువర్ణ చెవి దగ్గరకొచ్చేడు. “చీమలు వెనక్కెళ్ళిపోయేయని చెప్పెయ్యవే! నువ్వు చెప్తే నమ్ముతారు. దెబ్బకి లేచిపోతారు!”

సువర్ణ నోరు తెరిచింది. ఒక్క మాట. ఈసారి మంచికే. మామ్మ కళ్ళు కూడా ఆ మాట కోసమే చూస్తున్నాయి. బిడ్డ మళ్ళీ తుమ్మింది.

“మామ్మగారూ, వస్తుందని నాకు తెలీదండి. రాదనీ తెలీదండి. బిడ్డ తడిసిపోతోందని మాత్రం తెలుసండి.”

అని గట్టు దిగిపోయింది. జారుతూ, లేస్తూ, సరాసరి మామ్మ ఇంట్లోకి వెళ్ళింది. మట్టిగోడకి వీపు ఆనించి కూచుంది.

“ఒసేయ్, బయటికి రావే! చచ్చిపోతావు!” అని మామ్మ గట్టు మీంచి కేకేసింది.

సువర్ణకీ భయంగానే ఉంది. గోడలో ఏదో చప్పుడయితే కళ్ళు మూసేసుకుంది. చూస్తే అది బల్లి. కళ్ళు తుడుచుకుని లేచింది. చూరు కింద పొడిగా ఉన్న కొబ్బరి డొక్కలు తెచ్చి పొయ్యి రాజేసింది. తాటాకు కప్పులోంచి పొగ లేచింది.

గట్టు మీద కృపావతి కొంగు బిగించింది. “నా కూతురు లోపలుంది. నేను వెళ్తన్నా,” అని దిగింది. ఆ వెనకే రాజ్యలక్ష్మి లేచింది. ఈసారి అత్తగారి చెయ్యి ఆపలేదు.

పొయ్యి దగ్గర కృపావతి బిడ్డని తుడిచి పొడిగుడ్డలో చుట్టింది. సువర్ణ తన అరచేతులు సెగకి కాచి ఆ బుల్లి పాదాలకి అద్దింది. కాచింది, అద్దింది. ఎన్నిసార్లో లెక్క లేదు. ముందు పెదాలు ఎర్రబడ్డాయి. తర్వాత బిడ్డ గుక్కపట్టి, ఊరంతా వినపడేలా ఏడ్చింది. ఆ ఏడుపు వినాలని అంతమంది ఎదురుచూడ్డం నేనెప్పుడూ చూడలేదు.

అందరికంటే ఆఖర్ని మామ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి కప్పుకేసి చూసింది. గోడకేసి చూసింది. పొయ్యి పక్కన కూలబడింది. చాలాసేపటికి గానీ సువర్ణ మొహం చూడలేదు.

“రేపు మీ అమ్మా నేనూ కలిసి నీ సంగతి చెప్తాంలే,” అంది.

“ఆయ్,” అంది సువర్ణ.

“తడిబట్టలతో ఉన్నావు. ఇంటికెలా వెళ్తావు? ఈ వాన ఎప్పుడు తగ్గుతుందంటావే?”

ఇంట్లో అందరూ ఆగి సువర్ణకేసి చూసేరు. అలవాటయిపోయింది మరి.

సువర్ణ లేచి గుమ్మం దగ్గరికెళ్ళింది. చెయ్యి బయటికి చాపింది. కాసేపు అలాగే ఉంచింది.

“ఇంకా పడుతోందండి,” అంది.