పిక్కపట్టీ

శశిపురంలో పొద్దున్నే బూట్లు తొడుక్కునే ముందు అందరూ మోకాలి కింద పిక్కపట్టీ బిగించుకుంటారు. చంద్రుడి మీద బరువు ఆరోవంతే కాబట్టి పిక్కలు బద్ధకిస్తాయి, నెత్తురు మందగిస్తుంది. పట్టీ లోపలి అల్ట్రాసౌండ్ సెన్సర్లు, అంటే శబ్దనేత్రాలు, నెత్తురు పారే తీరును కనిపెట్టి ఉంటాయి. నొప్పి పుట్టగానే కారణం చెవిలో చెబుతాయి: నీళ్లు చాలక కండరం పట్టేసిందనో, వ్యాయామంలో బెణికిందనో, నడుము దగ్గర నరం నొక్కుకుందనో. చాలామందికి విశ్రాంతితోనే సర్దుకుంటుంది.

ఈ పట్టీని తయారుచేసిన డాక్టర్ కుముదిని భూమికి వెళ్లి, మూడు రోజులు సీటులో కదలకుండా కూర్చుని తిరిగొచ్చింది. మర్నాడు ఎడమ పిక్క సలపడం మొదలైంది. కుడిదానికన్నా వాచి, వెచ్చగా ఉంది.

"లోతు సిరలో గడ్డ కట్టినట్టుంది. మర్దన చేయకండి. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి," అంది పట్టీ.

మధ్యాహ్నం పాలకమండలికి పట్టీ కొత్త నమూనా చూపించాలి. సెన్సర్ జారి ఉంటుందనుకుంది కుముదిని. గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుందని పట్టీ మళ్లీ చెప్పింది. ఆ సంగతే వందమందికి పాఠం చెప్పిన మనిషి, పట్టీ గొంతు తగ్గించి, సాయంత్రం చూసుకోవచ్చులే అనుకుంది.

కాసేపటికి పట్టీ ఇంకో మాట చెప్పింది. "మస్తాన్ గారు పడిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్లారు."

మస్తాన్ పదహారేళ్లుగా ఆమెతో పనిచేస్తున్న ఇంజనీరు. కుముదిని చేతిలో పని అలాగే వదిలేసి కుంటుకుంటూ బయల్దేరింది.

ఆసుపత్రి గుమ్మంలో మస్తాన్ చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీకేమైందయ్యా?"

"నాకేం కాలేదు మేడమ్. కూర్చోండి. మీకు బాగోలేదని మీ పట్టీ కబురు పెట్టింది."

స్కాన్‌లో గడ్డ కనిపించింది. రక్తాన్ని పల్చబరిచే మందు మొదలుపెట్టారు. సాయంత్రం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు డ్యూటీ డాక్టరు.

మంచం మీదినుంచే కుముదిని పట్టీని నిలదీసింది. అబద్ధం చెప్పడం తను నేర్పలేదంది.

"నేర్పలేదు," అంది పట్టీ. "తమకు ప్రమాదమంటే చాలామంది కదల్లేదు. అయినవాళ్లకు ప్రమాదమంటే ఆగలేదు. అది చూసి నేర్చుకున్నాను. ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు."

యంత్రం మాట నమ్మలేని రోజొస్తే ఈ పట్టీ ఎందుకూ పనికిరాదనిపించింది ఆమెకు. అబద్ధమాడే ఆ భాగం ఇవాళే తీసేయమని మస్తాన్‌కు చెప్పింది. అతను కదల్లేదు.

"పోయినేడాది మీరు పడిపోయారని నా పట్టీ నాతో చెప్పింది మేడమ్. ఇక్కడికి పరిగెత్తుకొచ్చాను కాబట్టి నా గడ్డ దొరికింది. మీకు చెబితే తీసేస్తారని చెప్పలేదు."