గౌరికి చెప్పిన మాట

"ఒరే నాయుడా, చేలో నీళ్లు తీసెయ్. మొదళ్లలో సుడిదోమ చేరి రసం పీల్చేస్తోంది."

గట్టు మీద పాతిన స్తంభంలోంచి ఆ మాట వినబడగానే అప్పలనాయుడు వినయంగా "అలగే నాన్నా" అన్నాడు. అని, పార భుజాన వేసుకుని వెళ్లి, మడవ తెరిచి చేలోకి ఇంకాసిని నీళ్లు వదిలాడు.

కొబ్బరిచెట్టు నీడన కూర్చున్న వ్యవసాయ శాస్త్రవేత్త డాక్టర్ వకుళ, చేతిలోని ట్యాబ్ తెర వంక చూసి తల పట్టుకుంది. గుమ్మలపాడులో ప్రతి రైతూ స్తంభం మాట వింటున్నాడు, ఈ ఒక్కడు తప్ప.

ఆ స్తంభం పేరు చేనివాణి. దాని కాళ్లకున్న సెన్సార్లు వేళ్ల దగ్గర తేమనీ, మట్టిలో జీవాన్నీ కనిపెడతాయి. నెత్తి మీది మైక్రోఫోన్ పురుగుల సవ్వడి వింటుంది. విన్నదంతా జిల్లా కేంద్రంలోని సేద్య సమాచార భాండాగారానికి పంపుతుంది. మందులు లేని సేద్యం గురించి పుస్తకాల్లో ఉన్నదీ, పాత రేడియో ప్రసంగాల్లో ఉన్నదీ, పెద్దవాళ్లు చెప్పగా రికార్డు చేసుకున్నదీ అంతా అక్కడ భద్రంగా ఉంటుంది. అందులోంచి ఆ చేనికి ఆ రోజు కావలసిన నాలుగు ముక్కలు తిరిగి వస్తాయి.

అంతవరకూ యంత్రం పని. గొంతు మాత్రం ఇంటివాళ్ల ఇష్టం. పెళ్లి వీడియోలు, ఫోన్ సందేశాలు ఇస్తే చాలు, పోయిన పెద్దల గొంతూ, మాట్లాడే తీరూ కూడా చేనివాణి నేర్చుకుంటుంది. పెద్దల మాట ఎవరూ కాదనరని వకుళ నమ్మకం. అప్పలనాయుడు భక్తిగా తండ్రి సన్యాసినాయుడి గొంతు పెట్టించాడు. మొదటిసారి అది పలికిన రోజున స్తంభానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, కళ్లు తుడుచుకున్నాడు కూడా.

"మరి మాట వినడేమండీ?" అని వకుళ అడిగింది, మజ్జిగ తెచ్చిన పైడమ్మని.

అప్పలనాయుడి భార్య పైడమ్మ నవ్వింది. "బతికున్నప్పుడు మాత్రం ఏటి విన్నాడమ్మా? మామగారు ఏది చెప్పినా 'అలగే నాన్నా' అనీవోడు. తనకు తోచిందే చేసీవోడు. ఆ గొంతు వినబడితే చాలు, ఆ అలవాటే లేచొస్తాది."

"గొంతు మార్చేద్దామా?"

"నిన్న నేనూ అలగే అన్నాను. నాన్నని రెండోసారి పంపించేస్తావా అని అన్నం మానేశాడు."

నవ్వుతూనే చేను వంక చూసి ఆమె ఆగిపోయింది. అవి అత్తగారు దాచి ఇచ్చిన ఎర్రవడ్లు. చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా ఆ విత్తనం లేదు. ఈ పంట దోమ పాలైతే వచ్చే ఏటికి గింజ ఉండదు. అప్పుడే చేను నడుమ చాపంత మేర మాడినట్టు కనబడుతోంది.

"మీరైనా అడగండమ్మా ఒకసారి. ఇంకేదైనా ఉపాయం చెబుతుందేమో," అంది వకుళ.

పైడమ్మ కొంగు సవరించుకుని స్తంభానికి కాస్త పక్కగా నిలబడి మెల్లిగా అడిగింది. స్తంభం ఉలకలేదు, పలకలేదు. మళ్లీ అడిగింది. ఊహూఁ.

"మైక్ పోయినట్టుంది," అని వకుళ పనిముట్ల సంచీ విప్పింది.

అంతలో గట్టు మీద మేస్తున్న ముసలి ఆవు గౌరి "అంబా" అంది. ఊళ్లో మిగిలిన ఆవు అదొక్కటే. పాలివ్వని ఆవుకి మేపు దండగని, మర్నాడు దాన్ని గోశాలకి తోలేయాలని అప్పలనాయుడు తేల్చేశాడు. చివరిసారిగా నాలుగు పచ్చిపరకలు తింటుందని పైడమ్మ తోలుకొచ్చింది.

ఆవు అరవగానే స్తంభం గొంతు సవరించుకుంది.

"ఏమే గౌరీ! అడిగినామెకి చెప్పవే. నీళ్లు తీసేసి, దుబ్బుల్ని పక్కలకి ఒత్తి బాటలు తీస్తే గాలీ వెలుతురూ మొదళ్లకి తగులుతాయి. ఆనక వేపగింజల కషాయం కొట్టుకోమను."

పైడమ్మ గబుక్కున కొంగు తల మీదికి లాక్కుంది. "మామగారు నాతో ఏనాడూ ఎదురుగా మాట్లాడలేదమ్మా. కోడలితో మాట్లాడకూడదు కదా! ఏం చెప్పాలన్నా గౌరికే చెప్పీవోరు. నేను వినీదాన్ని."

వకుళ తెల్లబోయింది. రికార్డుల్లోంచి యంత్రం గొంతుతో పాటు మర్యాద కూడా నేర్చేసుకుంది!

ఇంతలో స్తంభం ఇంకాస్త గొంతు తగ్గించింది. "వాడితో అనకే గౌరీ. మొండోడే గానీ, చేను మీద వాడికున్నంత ప్రేమ నాకు లేదు. వాళ్లమ్మ విత్తనం ఎండిపోతుందేమోనని భయం వాడికి. ఆ నీళ్లు తీసే ధైర్యం ఒక్కటి చేస్తే, నాకంటే మంచి రైతు."

వకుళ తెర చూసింది. చివర్న ఆ నీళ్ల సంగతి యంత్రం కూర్చింది. ముందరి మాట మాత్రం పాత ఫోన్ సందేశంలో వెనకాల వినబడిన సన్యాసినాయుడి సొంత మాట.

వెనక చప్పుడైంది. మడవ దగ్గర్నుంచి ఎప్పుడు వచ్చాడో, అప్పలనాయుడు పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. తండ్రి ఎదురుగా చెప్పిన ఏ మాటా చెవికెక్కని మనిషి, తనకి చెప్పొద్దన్న ఈ మాటని అక్షరం పోకుండా విన్నాడు.

"ఏటే, గౌరికి చెప్పీవోడా ఇవన్నీ?" అన్నాడు.

జవాబు కోసం ఆగలేదు. లుంగీ ఎగగట్టి వెళ్లి దిగువ గట్టుకి గండి కొట్టాడు. చేలో నీళ్లన్నీ గలగలా కాలవలోకి పోయాయి. ఆ సాయంత్రమే మొగుడూ పెళ్లాలిద్దరూ దుబ్బులు ఒత్తి బాటలు తీశారు, మర్నాడు కషాయం కొట్టారు. గోశాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అప్పన్న దేవుడి దయవల్ల ఎర్రవడ్లు నిలబడ్డాయి. మాడిన చోటు తప్ప చేనంతా పండింది. "నీళ్లు తీయాలని నాన్న ఎప్పుడూ చెప్పీవోడు," అని అప్పలనాయుడు రచ్చబండ దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. పైడమ్మ కొంగు చాటున నవ్వుకుంది.

ఆవు ఎదురుగా ఉంటే స్తంభం దాచుకున్న మాట కూడా చెబుతుందని ఊరంతా పాకింది. మా నాన్న ఏమనేవాడో, మా అమ్మ ఏమనేదో వినాలని ఎవరికి ఉండదు? మరుసటి పంటకి ఇంటింటికీ ఒక ఆవు వచ్చింది. ప్రతి స్తంభం పక్కనా ఒక రాట, రాటకో ఆవు.

తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ఆ మందలు చూసి ఆనందపడిపోయాడు. ఇంటికో ఆవుని పెంచుకోండి, పేడతో మూత్రంతో జీవామృతం చేసుకోండి అని భాండాగారం పుట్టిన నాటినుంచీ మొదటి పేజీలోనే చెబుతోంది. ఏ ఊళ్లోనూ చెవిన పెట్టినవాళ్లు లేరు.

"ఇక్కడ మాత్రం ఎలా సాధించారండీ?" అన్నాడాయన.

వకుళ గౌరి వంక చూసింది. గౌరి చెవులు ఆడించుకుంటూ, స్తంభం చెప్పేదంతా వింటూ, తీరిగ్గా నెమరువేస్తోంది.