నాలుగో టెర్మినల్

రైల్వే సిగ్నల్ సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీరును లిఫ్టులో కాల్చి చంపారు. ఖాళీ అయిన ఆ సీట్లో సీక్రెట్ ఏజెంట్ ముని చేరాడు, పెట్టుడు గడ్డంతో, పవర్ లేని కళ్ళద్దాలతో.

"విదేశీ ముఠా ఆ ప్రోగ్రాంలో ఏదో పెట్టింది," అన్నాడు చీఫ్ ఫోన్లో. "శాంతి చర్చలకొచ్చే ప్రతినిధుల స్పెషల్ ట్రైన్ వాళ్ళ టార్గెట్. అక్కడి మేనేజర్ మన ఏజెంటే, కోడ్ నేమ్ కలువ. ఆమెను తప్ప ఎవర్నీ నమ్మకు."

కోడ్ వర్డ్‌కి కలువ తడుముకోకుండా బదులిచ్చింది. ఆమె నడిచొస్తుంటే ఆఫీసంతా పని ఆపి చూసేది. అద్దె గదిలో గోడలతో తప్ప మాట్లాడే దిక్కులేని మునికి, ఆమెతో కాఫీ తాగే ఆ కాసేపే ప్రాణం లేచొచ్చేది. సొంత అక్క ఫోన్ చేసినా ఎత్తకూడదు. ఆమె దృష్టిలో తమ్ముడు ఓడలో పనిచేస్తున్నాడు.

స్పెషల్ ట్రైన్ బయల్దేరిన రోజు, టెస్టులో ఎర్ర సిగ్నల్ రెప్పపాటు పచ్చగా మారింది. ప్రోగ్రాం చేసిన పనులన్నీ నమోదయ్యే లాగ్‌లో మాత్రం తప్పేమీ కనబడలేదు. ముని డిపార్టుమెంటు ఇచ్చిన లాప్‌టాప్ తెరిచి, లాగ్‌ను ఏఐ అసిస్టెంటుకు చూపించాడు.

"సిగ్నల్ మారిందని రాసుంది. ఎవరు మార్చమన్నారో రాయలేదు," అంది అది. "ఊహించి చెప్పలేను. కమాండ్ వచ్చే చోట ఒక లాగ్ లైను పెట్టి మళ్ళీ రన్ చేయండి."

చేశాడు. కొత్త లైను తెరమీద పడింది, దాని కింద ఇంకా అమలుకాని మరో కమాండ్.

"కమాండ్ నాలుగో టెర్మినల్ నుంచి, అంటే మీ ఆఫీసులోని నాలుగో కంప్యూటర్ నుంచి వచ్చింది. అసలు కమాండ్ ఇంకా కాచుకుని ఉంది. స్పెషల్ ట్రైన్ జంక్షన్ చేరగానే దాన్ని గూడ్సు బండికి ఎదురు పంపిస్తుంది. నాలుగో టెర్మినల్ ఎవరిది?"

మునికి తెలుసు. అది కలువది.

కమాండ్‌ను రద్దు చేసే లైను టైపు చేశాడు. అంతలో మెడకు చల్లగా పిస్టల్ తగిలింది.

"చెయ్యి తియ్యి," అంది కలువ మెల్లగా. "ఇక్కడ నీతో మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. నన్ను పట్టిస్తే ఇంకెవరున్నారు నీకు?"

అది నిజం. అందుకే ఒక్క క్షణం అతని చెయ్యి ఆగింది. గోడమీది బోర్డులో స్పెషల్ ట్రైన్ జంక్షన్‌ను సమీపిస్తోంది.

ముని ఎంటర్ నొక్కి పక్కకు దూకాడు. తూటా మానిటర్‌ను పగలగొట్టింది. బోర్డుమీద సిగ్నల్ ఎర్రగానే నిలిచింది, ట్రైన్ ఆగింది. సెక్యూరిటీ వాళ్ళు పరిగెత్తుకొచ్చి కలువ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. వెళ్తూ ఆమె అతనికేసి చూడలేదు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "భేష్. ఎవరైనా సాయం చేశారా?"

"ఒక ప్రోగ్రాం సార్."

"మనుషులెవరూ లేరా?"

"ఒకరుండేవారు. మీ లాకప్‌లో ఉన్నారు."